డైరీలో రాసింది, నవలలో దాచింది

2013 జనవరిలో బ్రిటన్‌లోని డైలీ మెయిల్ పత్రిక టీనేజర్ల నవలల మీద విరుచుకుపడింది. క్యాన్సర్, ఆత్మహత్యల చుట్టూ తిరిగే పుస్తకాలకు ‘సిక్ లిట్’ (జబ్బు సాహిత్యం) అని పేరు తగిలించింది. అంతకు ఏడాది ముందు వచ్చిన జాన్ గ్రీన్ నవల ‘ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’ అప్పటికి పిల్లల చేతుల్లో తెగ నలుగుతోంది. (మనలో చాలామందికి ఆ కథ 2020 నాటి హిందీ సినిమా ‘దిల్ బేచారా’గా తెలుసు.) ఇదేదో కొత్తగా పుట్టిన జాడ్యం అన్నట్టు మాట్లాడారు గానీ, పిల్లల పుస్తకాల్లో చావు ఎప్పటినుంచో ఉంది. మారిందల్లా దాన్ని చెప్పే తీరు.

నలుగురు అక్కచెల్లెళ్ల కథ చెప్పే అమెరికన్ నవల ‘లిటిల్ విమెన్’ రెండో భాగం 1869లో వచ్చింది. అందులో చనిపోయే బెత్‌కు మూలం రచయిత్రి లూయిసా మే ఆల్కాట్ సొంత చెల్లెలు. స్కార్లెట్ ఫీవర్ తర్వాత కోలుకోలేక 1858లో 22 ఏళ్లకే పోయింది. జుట్టంతా పోయి, చిక్కి శల్యమై, నలభై ఏళ్ల మనిషిలా కనిపించిందని ఆల్కాట్ డైరీలో రాసుకుంది. నవలకొచ్చేసరికి ఆ ముఖం మాయం. బెత్ దీపం కొండెక్కినట్టు నెమ్మదిగా వెళ్లిపోతుంది. మన ఇళ్లలో పిల్లలకు “తాతయ్య దేవుడి దగ్గరికెళ్లాడు” అని చెప్పి ఊరుకుంటాం చూడండి, అలాగన్నమాట.

ఆ తెర తీసిన వాటిలో నాకు ముందు గుర్తొచ్చేది కేథరిన్ పేటర్సన్ ‘బ్రిడ్జ్ టు టెరబితియా’. 1974లో ఆమెకు క్యాన్సర్ ఆపరేషన్ అయింది. అదే ఏడాది ఆమె కొడుకు ప్రాణ స్నేహితురాలు, ఎనిమిదేళ్ల పిల్ల, పిడుగు పడి చనిపోయింది. వాడికి ఏం చెప్పాలో తెలియక రాయడం మొదలుపెట్టింది. చావు అధ్యాయం దగ్గర కలం ఆగిపోయింది. తను తప్పించుకుంటున్నది తన చావు నుంచేనని తర్వాత ఒప్పుకుంది.

1977లో వచ్చిన ఆ నవలలో వాగు మీది తాడు తెగి, జెస్ అనే పిల్లాడి స్నేహితురాలు లెస్లీ చనిపోతుంది. ఆ రోజు జెస్ టీచరుతో వాషింగ్టన్ మ్యూజియానికి వెళ్లాడు. లెస్లీని కూడా తీసుకెళ్దామని అడగొచ్చు, అడగలేదు. టీచరు తనొక్కడికే దక్కిందని లోలోపల సంబరం. లెస్లీ పోయిందని తెలిశాక వాడికొచ్చే ఆలోచనల్లో ఒకటి: ఇక క్లాసులో అందరికంటే వేగంగా పరిగెత్తేది నేనే. చదివినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. పిల్లలు నిజంగా అలాగే ఆలోచిస్తారు మరి. 1978లో దీనికి అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ మెడల్ వచ్చింది. 1990లలో అమెరికా లైబ్రరీల నుంచి తీసేయమని పెద్దలు ఎక్కువగా గొడవ చేసిన పది పుస్తకాల్లోనూ ఇదుంది. వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి, జెస్ మాటిమాటికీ ‘లార్డ్’ (దేవుడా) అంటాడని!

‘ఎ మాన్‌స్టర్ కాల్స్’ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆలోచన షివాన్ డౌడ్‌ది. ఆమె 2007లో రొమ్ము క్యాన్సర్‌తో పోతే, ప్యాట్రిక్ నెస్ 2011లో పూర్తి చేశాడు. పదమూడేళ్ల కానర్ తల్లికి క్యాన్సర్. సరిగ్గా 12:07కి ‘యూ’ (yew) అనే జాతి చెట్టు భూతమై వాడి దగ్గరికొస్తుంది. తల్లికి ఇచ్చే చివరి మందు కూడా ఆ జాతి చెట్టు నుంచి తీసిందే. మందు పనిచేయదు. ఇదంతా తొందరగా అయిపోతే బాగుండని అనుకున్నానని కానర్ ఏడుస్తూ ఒప్పుకుంటాడు. భూతం వాడిని తిట్టదు. చివర్లో ఆసుపత్రి గదిలో టైము 11:46. వాడు అమ్మను గట్టిగా పట్టుకుంటాడు.