తులిప్ గడ్డకు నెల్లూరు చలి ఎందుకు చాలదు

నెల్లూరు, ఒంగోలు మిద్దెల మీద కుండీల్లో పెట్టిన తులిప్‌లు చాలావరకు రెండు మూడు ఆకులు వేసి ఆగిపోతాయి. లేదంటే గడ్డ మెత్తబడి కుళ్లిపోతుంది. నాటినవాళ్ల శ్రద్ధ తక్కువై కాదు, ఆ మొక్క పుట్టిన నేల వేరు కావడం వల్ల.

తులిప్‌ది మధ్య ఆసియా. తియాన్‌షాన్, పామిర్-అలై కొండవాలుల్లోనూ చుట్టుపక్కల చెట్లులేని గడ్డిమైదానాల్లోనూ దానంతటదే పూస్తుంది. అక్కడ చలికాలం నేల గడ్డకడుతుంది, వేసవిలో ఎండిపోతుంది. మధ్యలో దొరికే కొద్ది వారాల్లోనే పూసి, గడ్డలో తిండి దాచుకుని మళ్లీ పడుకోవాలి. పూమొగ్గ గడ్డలోపలే తయారవుతుంది గానీ, కాడ సాగాలంటే నెలల చలి తగలాలి. తుర్కీ ఒట్టోమన్ సుల్తానుల తోటల్లో పెరిగి, 1593లో లైడెన్ ఊరు చేరిన వృక్షశాస్త్రవేత్త క్లూసియస్ చేతుల మీదుగా హాలండ్‌లో పేరుపడి, 1637లో అక్కడ గడ్డల ధరలు కుప్పకూలినా నిలబడి, వేల రకాలైంది. చలి అవసరం మాత్రం పోలేదు. 2007లో తెరిచిన శ్రీనగర్ తులిప్ తోటకు ఆ చలి ఊరికే దొరుకుతుంది. నెల్లూరులో జనవరి రాత్రులు కూడా 20 డిగ్రీల దగ్గరే ఆగుతాయి.

ఇంకో చిక్కు వాన. అక్టోబరు, నవంబరుల్లో నాటమనడం యూరప్ లెక్క. మనకు వాయుగుండాలు పట్టేది అప్పుడే. తడిసిన కుండీలో గడ్డకు బూజు తెగులు తప్పదు.

అయినా ఒకసారి పూయించాలంటే చుట్టుకొలత 12 సెంటీమీటర్లకు తగ్గని గట్టి గడ్డలు తీసుకోండి. సెప్టెంబరు చివర కాగితం సంచిలో వేసి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో 4-5 డిగ్రీల దగ్గర 12-14 వారాలు ఉంచండి. అదే ఫ్రిజ్‌లో యాపిల్, అరటి పండ్లు ఉండకూడదు. మాగే పండు వదిలే ఇథిలీన్ వాయువు గడ్డ లోపలి మొగ్గను చంపేస్తుంది. గడ్డ పైకి ఎర్రగడ్డలా నిగనిగలాడుతూనే ఉంటుంది, పువ్వు మాత్రం రాదు. వానలు వెనకబట్టాక, డిసెంబరు చివర, ఎర్రమట్టి, ఇసుక, కంపోస్టు సమంగా కలిపిన కుండీలో మొన పైకి ఉండేలా 10 సెంటీమీటర్ల లోతున నాటాలి. పొద్దుటి ఎండ చాలు. చలి చాలకపోతే పువ్వు ఆకుల మధ్యే పొట్టిగా విచ్చుకుంటుంది. మార్చి ఎండకు ఆకు ముందే మాడుతుంది కాబట్టి పిల్లగడ్డలు ఊరవు. మరుసటి ఏటికి దాచడం దండగ.

మన ఎండావానలకు సరిపడే గడ్డమొక్క కావాలంటే అడవినాభి ఉంది. కంచెల మీద, తుప్పల్లో ఎరుపు పసుపు రేకులతో పాకుతుంది. వానలతో లేచి, పూసి, ఎండాకాలం నేలలో పడుకుంటుంది. జూన్, జూలైల్లో దుంపను అడ్డంగా 5 సెంటీమీటర్ల లోతున పెట్టండి. మొలక వచ్చే కొన విరిగితే దుంపలో ఆ పాయ ఇక లేవదు. ఆకుల కొనలే తీగలై పట్టుకుంటాయి కనుక సన్నపుల్లలు పాతాలి. తీగ ఎండాక నీళ్లు ఆపేయాలి. అడవిలో తవ్వకుండా నర్సరీ దుంపే కొనండి. దుంప నుంచి గింజ దాకా కాల్చిసిన్ విషం ఉంటుంది. చేతికి తొడుగు వేసుకుని పట్టుకోవాలి. పిల్లలు, గొడ్లు తిరిగేచోట పెట్టకూడదు.