మడమ మీద రెండు వేల దెబ్బలు

పొద్దున మంచం దిగగానే మా బావగారు గోడ పట్టుకునేవారు. మొదటి నాలుగడుగులూ మడమ వెనక సూదులు గుచ్చినట్టు ఉండేదట. స్నానం అయ్యేసరికి కాస్త సర్దుకునేది, సాయంత్రానికి మళ్లీ సలుపు. షుగర్ వచ్చిందని తెలిసిన రోజు నుంచి పట్టుదలగా రోజుకు గంట నడిచిన మనిషి, చివరికి ఆ నడకే మానేయాల్సి వచ్చింది. ఎనిమిది నెలలు గడిచాయి. నొప్పి మాత్రలు, పైపూత మందులు, వేడి కాపడం, ఐస్ ముక్కలు అన్నీ అయ్యాయి. నరం పట్టేసిందని ఒకరన్నారు, ఎముక పెరిగింది ఆపరేషన్ చేయించుకోమని ఇంకొకరన్నారు. ఆఖరికి ఒక ఎముకల డాక్టరు షాక్‌వేవ్ థెరపీ అని చీటీ మీద రాసిచ్చారు. షాక్ అన్న మాట చూసి ఇంటిల్లిపాదికీ టెన్షన్. కరెంటు పెడతారేమో అనుకున్నాం.

కరెంటుతో దీనికి సంబంధమే లేదు. దీపావళికి లక్ష్మీబాంబు దగ్గర్లో పేలితే చెవికంటే ముందు గుండె మీద ఒక తోపు తగిలినట్టుంటుంది చూడండి, అలాంటి ఒత్తిడి తరంగం ఇది. మామూలు శబ్దంలో ఒత్తిడి అలలా పెరిగి తగ్గుతుంది. షాక్‌వేవ్‌లో మాత్రం సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో కొన్ని ముక్కల కాలంలోనే ఒత్తిడి శిఖరానికి ఎగబాకి, వెంటనే కుప్పకూలుతుంది.

దెబ్బ సంగతికి ముందు, ఆ దెబ్బ తగిలే చోటు గురించి చెప్పాలి. మనం నరం పట్టేసింది, నరం లాగింది అంటూ ఉంటాం గానీ చాలాసార్లు అది నరం కాదు, టెండన్. పాఠ్యపుస్తకాల్లో స్నాయుబంధనం అంటారు. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు. పిక్క నుంచి మడమకు దిగే అకిలీస్ టెండన్ మన ఒంట్లోని టెండన్లన్నిటిలో మందమైనది. పరుగెత్తేటప్పుడు ఒంటి బరువుకు ఆరేడు రెట్ల బలాన్ని అది మోస్తుంది. నులక పేనినట్టు కొల్లాజెన్ అనే ప్రొటీన్ సన్నటి పోగులు కలిసి కట్టలుగా, ఆ కట్టలు కలిసి ఇంకా పెద్ద కట్టలుగా ఉంటాయి. బలానికి లోటు లేదు. లోటంతా రక్తానికే. కండరంలోలా ఇక్కడ రక్తం ధారాళంగా పారదు, మరమ్మతు చేసే కణాలూ తక్కువే.

ఈ తాడు ఎంత నెమ్మదిగా మారుతుందో తెలిసిన తీరు నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. 1955 నుంచి 1963 దాకా జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ బాగా పెరిగింది. అది మొక్కల్లోకి, తిండిలోకి, మనుషుల ఒంట్లోకి చేరింది. డెన్మార్క్ శాస్త్రవేత్తలు ఆ పరీక్షలకు ముందూ, ఆ కాలంలోనూ, తర్వాతా పుట్టినవాళ్ల అకిలీస్ టెండన్లలో ఈ కార్బన్ ఎంత ఉందో కొలిచి 2013లో ప్రకటించారు. టెండన్ ఏ కాలంలో తయారైతే ఆ కాలపు కార్బన్ మోతాదే అందులో మిగులుతుంది. తేలిందేమిటంటే, టెండన్ నడిమధ్య భాగం సుమారు 17 ఏళ్ల వయసు దాకా తయారవుతుంది. ఆ తర్వాత దాదాపుగా మారదు. అంటే అరవై ఏళ్ల మనిషి నడుస్తున్నది తాను ఇంటర్ చదివేనాటి తాడు మీదే!

అలాంటి తాడు మీద ఉన్నట్టుండి రోజుకు గంట నడక భారం పడితే, అదీ షుగర్ ఉన్న ఒంట్లో అయితే, ఏమవుతుంది? పోగులు చెదురుతాయి. సరిచేసే పని మొదలవుతుంది గానీ మధ్యలోనే ఆగిపోతుంది. వరుసగా ఉండాల్సిన పోగులు చిందరవందరగా అల్లుకుంటాయి, ఉండకూడని చోట సన్నటి రక్తనాళాలు, వాటితోపాటు నొప్పి తెలిపే నరాల కొసలు మొలుస్తాయి. వాపు మందులు ఇలాంటి పాత నొప్పిని కొన్నాళ్లు మరిపిస్తాయి తప్ప మాన్పలేకపోవడానికి కారణం ఇదే. ఇక్కడ వాపు పాత్ర తక్కువ, సగంలో ఆగిన మరమ్మతు పాత్ర ఎక్కువ.

షాక్‌వేవ్ ఈ సమస్య దగ్గరికి నేరుగా రాలేదు, విమానాల మీదుగా వచ్చింది. జర్మనీలోని డోర్నియర్ కంపెనీ ఇంజినీర్లు, శబ్దాన్ని మించిన వేగంతో పోయే విమానాలకు వాన చినుకులు తగిలితే లోహం ఎందుకు దెబ్బతింటోందో పరిశోధించారు. చినుకు పుట్టించిన షాక్‌వేవ్ లోహం లోపలికి కూడా ప్రయాణిస్తోందని గమనించారు. నీటిలోంచి సాఫీగా పోయే తరంగం గట్టి వస్తువు ఎదురైతే అక్కడ తన బలం చూపిస్తుంది. మన ఒళ్లు చాలావరకు నీరే కదా, మరి కిడ్నీలో రాయి? 1980 ఫిబ్రవరి 7న మ్యూనిక్‌లో క్రిస్టియన్ షౌసీ బృందం ఒక రోగి కిడ్నీ రాయిని కత్తి పెట్టకుండా బయటి నుంచే పగలగొట్టింది. అప్పట్లో మనిషిని నీళ్ల తొట్టెలో ఉంచి చేసేవారు. తరంగాల దారిలో ఉన్న ఎముక కూడా స్పందిస్తోందని తర్వాత జంతువుల మీది పరీక్షల్లో తెలిసింది. అక్కడి నుంచి అతుక్కోని ఎముకల మీద, ఆపైన టెండన్ల మీద ప్రయోగాలు సాగాయి. పాత అరికాలి మడమ నొప్పికి అమెరికాలో 2000లో అనుమతి వచ్చింది.

బావగారితో నేనూ వెళ్లాను. నీళ్ల తొట్టె ఏమీ లేదు. బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, ఫిజియోథెరపిస్టు వేలితో మడమ వెనక నొక్కుకుంటూ పోయి, ‘అమ్మా’ అన్న చోట పెన్నుతో గుర్తు పెట్టారు. స్కానింగుకు రాసే జెల్లే రాశారు. చర్మానికీ యంత్రానికీ మధ్య గాలి ఉంటే తరంగం అక్కడే వెనక్కి తిరిగిపోతుంది, జెల్ ఆ ఖాళీని పూడుస్తుంది. ఆ తర్వాత టకటకటక. సెకనుకు ఎనిమిది దెబ్బలు, మొత్తం రెండు వేలు, నాలుగు నిమిషాల పైచిలుకు. బావగారు తలగడ పిసుకుతూ ఉండిపోయారు. మత్తు సూది ఇవ్వొచ్చు కదా అని అడిగాను. మత్తిచ్చి చేస్తే ఫలితం తగ్గుతోందని పరిశోధనల్లో తేలిందని ఆవిడ చెప్పారు. నొప్పి ఎక్కడుందో రోగి చెప్పగలగాలి, అదీకాక నరాల స్పందన ఈ వైద్యంలో భాగమేనని తోస్తోంది. వారానికి ఒకటి చొప్పున మూడు సార్లు చేశారు.

ఆ పరికరం లోపల సంపీడిత గాలి ఒక చిన్న లోహపు ముక్కను ముందుకు తోస్తుంది. అది వెళ్లి మొనను కొడుతుంది. ఈ రకాన్ని రేడియల్ అంటారు. దీని బలం చర్మం దగ్గరే ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ చెదిరిపోతుంది. నిజం చెప్పాలంటే భౌతికశాస్త్రం లెక్కలో ఇది అసలు షాక్‌వేవ్ కాదు, ఒత్తిడి అంత వేగంగా పెరగదు. ఫోకస్డ్ అనే రెండో రకమే అసలుది. అది లోపల ఎంచుకున్న బిందువు దగ్గర కేంద్రీకరిస్తుంది. మడమలాంటి పైపై చోట్లకు రెండూ వాడుతున్నారు. మీకు చేస్తున్నది ఏ రకమో అడిగి తెలుసుకోండి.

దెబ్బ తగిలాక లోపల జరిగేది మరమ్మతు కాదు, మరమ్మతుకు పిలుపు. టెండన్ కణాలు ఒత్తిడిని గుర్తించి దాన్ని రసాయన సంకేతాలుగా మారుస్తాయి. కొత్త రక్తనాళాలను, కొల్లాజెన్ తయారీని ప్రేరేపించే పదార్థాలు పెరుగుతాయని ప్రయోగాల్లో చూశారు. నొప్పిని మోసుకుపోయే నరాల కొసలు కూడా కొంత మొద్దుబారతాయి.

మరి నిజంగా పనిచేస్తుందా? చోటును బట్టి ఉంటుంది. భుజం టెండన్‌లో సున్నం పేరుకున్నవాళ్లు 144 మంది మీద చేసిన పరీక్ష 2003లో వచ్చింది. అందులో ఎక్కువ శక్తి తరంగాలు, పోలిక కోసం చేసినట్టు నటించే ఉత్తుత్తి చికిత్స కంటే స్పష్టంగా మేలు చేశాయి. అంతకు ఏడాది ముందు ఆస్ట్రేలియాలో అరికాలి మడమ నొప్పి ఉన్న 166 మంది మీద చూస్తే, అసలు చికిత్సకూ ఉత్తుత్తి చికిత్సకూ తేడా కనిపించలేదు. మోచేతి నొప్పి విషయంలో ఆధారాలు బలహీనంగానే ఉన్నాయి. పెద్ద చప్పుడు చేసే యంత్రం, దానికి తోడు నొప్పి, ఏదో జరుగుతోందన్న నమ్మకం. వీటి ప్రభావం చిన్నది కాదు. పైగా చాలా టెండన్ నొప్పులు ఏడాది తిరిగేసరికి వాటంతట అవే తగ్గుతాయి. ఆరు సిట్టింగులకు ముందే డబ్బు కట్టించుకుని నూటికి నూరు శాతం గ్యారంటీ అనేవాళ్లను నమ్మవద్దని అందుకే అంటున్నాను.

నన్ను ఒప్పించినవి అకిలీస్ మీద జర్మనీలో యాన్-డిర్క్ రోంపే బృందం చేసిన పరీక్షలు. టెండన్ మధ్యభాగంలో నొప్పి ఉన్న 68 మందిలో సగం మందికి వ్యాయామం ఒక్కటే, మిగతా సగానికి వ్యాయామంతోపాటు షాక్‌వేవ్ ఇచ్చారు. నాలుగు నెలలకు మొదటి గుంపులో 56 శాతం, రెండో గుంపులో 82 శాతం బాగా కోలుకున్నారు. వ్యాయామం ఒక్కటే సగానికి పైగా మందిని నిలబెట్టిందన్నది ఇక్కడ మరవకూడదు.

ఆ వ్యాయామం వెనక స్వీడన్ డాక్టరు హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ సొంత కాలి కథ ఉంది. టెండన్ నొప్పితో బాధపడుతూ ఆయన ఆపరేషన్ అడిగితే పై అధికారి ఒప్పుకోలేదట. పూర్తిగా చెడగొట్టుకుంటే తప్పక చేస్తారనుకుని, మడమను మెట్టు కిందికి దించుతూ రోజూ బరువు మోపారు. చెడలేదు సరికదా నయమైంది. 1998లో 15 మంది రన్నర్లతో రోజుకు రెండుసార్లు, పన్నెండు వారాలు అదే చేయించారు. అందరూ మళ్లీ పరుగు అందుకున్నారు.

బావగారి నొప్పి టెండన్ ఎముకకు అతుక్కునే చోట ఉంది. అక్కడ మెట్టు కిందికి దించితే టెండన్ ఎముకకు ఒరుసుకుని నలుగుతుంది, కాబట్టి చదును నేల మీదే చేయమన్నారు. అలాంటి 50 మంది మీద చేసిన పరీక్షలో మెట్టు వ్యాయామం 28 శాతానికి, షాక్‌వేవ్ 64 శాతానికి మేలు చేశాయి.

గర్భిణులకు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లకు, ఆ చోట కణితి ఉన్నవాళ్లకు, ఎముకలు ఇంకా ఎదుగుతున్న పిల్లలకు ఇది మామూలుగా చేయరు. అకిలీస్‌లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ జోలికి పోవద్దు, తెగే ప్రమాదం ఉంది. ఇంకొకటి, మనవాళ్లు విరేచనాలకు చీటీ లేకుండా మందుల షాపులో కొనుక్కునే సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మాత్రలు కూడా టెండన్లను దెబ్బతీస్తాయి. అమెరికాలో 2008 నుంచి ఆ మందుల మీద గట్టి హెచ్చరిక ఉంది.

మూడో సిట్టింగ్ అయ్యాక కూడా బావగారికి పెద్ద తేడా తెలియలేదు. టెండన్ తన వేగంతోనే కదులుతుంది. రెండో నెల చివర్లో గోడ పట్టుకోవడం మానేశారు. ఇప్పుడు నాలుగో నెల. పొద్దున్నే గుమ్మం పట్టుకుని, మనవడి స్కూల్ బ్యాగులో రెండు కిలోల కందిపప్పు వేసి భుజాన తగిలించుకుని, మునివేళ్ల మీద లేచి మెల్లగా మడమలు నేలకు దించుతారు. పదిహేను లెక్కపెట్టి ఆగి, మళ్లీ పదిహేను. నడక ఇరవై నిమిషాల దాకా వచ్చింది.