పోగుల మధ్య ఖాళీ: కారు తుడిచే మైక్రోఫైబర్ గుడ్డ సంరక్షణ

పాత బనియన్‌తోనో చిరిగిన తుండుగుడ్డతోనో కారు తుడవడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఆ అలవాటు మానుకొని మైక్రోఫైబర్ టవళ్లు కొన్నవారిలో చాలామంది నాలుగైదు ఉతుకులు కాగానే అవి నీళ్లు పీల్చడం లేదని, అద్దం మీద చారలు వదులుతున్నాయని విసుక్కుంటారు. నా అనుభవంలో ఈ గుడ్డ కారు మీదకన్నా వాషింగ్ మెషీన్‌లోనే ఎక్కువగా పాడవుతుంది. ఎందుకు పాడవుతుందో తెలియాలంటే ముందు అది ఎలా పనిచేస్తుందో చూడాలి.

9000 మీటర్ల పొడవున్న పోగు 1 గ్రాము తూగితే దాని సన్నదనాన్ని 1 డెనియర్ అంటారు. అంతకన్నా సన్ననిది మైక్రోఫైబర్. 1970లో జపాన్‌లోని టోరే సంస్థలో మియోషి ఒకమోటో అనే శాస్త్రజ్ఞుడు ఇలాంటి అతిసన్నని పోగులతో స్వెడ్ తోలును పోలిన వస్త్రాన్ని రూపొందించారు. తుడిచే గుడ్డల తయారీలో పాలియెస్టర్‌ను, నైలాన్ జాతికి చెందిన పాలియమైడ్‌ను కలిపి ఒకే పోగుగా తీస్తారు. ఆ పోగును అడ్డంగా కోసి చూస్తే బత్తాయిలోని తొనల్లా రెండు పదార్థాలు పక్కపక్కనే ఉంటాయి. తరువాత ఆ తొనలను విడదీస్తారు. గుండ్రటి పోగు కాస్తా పదునైన అంచులున్న చీలికలుగా మారుతుంది, వాటి మధ్య లెక్కలేనన్ని సన్నని సందులు ఏర్పడతాయి. లేబుల్ మీద కనిపించే 80:20, 70:30 అంకెలు ఈ రెండు పదార్థాల పాళ్లు.

ఇక్కడ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి ఉంది. సాధారణ వాతావరణంలో నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమను పోగులోపలికే పీల్చుకుంటుంది, నైలాన్ 4 శాతం పీల్చుకుంటుంది, పాలియెస్టర్ మాత్రం అర శాతం కూడా పీల్చుకోదు. నీటితో పెద్దగా చెలిమి లేని పాలియెస్టరే ఎక్కువ పాలున్న గుడ్డ అంత నీటిని పట్టుకోగలగడానికి కారణం పోగుల మధ్య ఉన్న ఖాళీ. సన్నని గొట్టంలో నీరు తనంతట తాను పైకి ఎక్కే కేశనాళికీయత అనే ధర్మమే ఇక్కడా పనిచేస్తుంది. సందు వెడల్పు సగమైతే నీటిని లాగే బలం రెట్టింపవుతుంది. కాబట్టి ఉతకడంలో మనం చేసే ప్రతి పనినీ అది ఆ సందులను తెరిచి ఉంచుతుందా, మూసివేస్తుందా అన్న ఒక్క ప్రశ్నతో తూచవచ్చు.

వాటిని మూసేవాటిలో మొదటిది ఫ్యాబ్రిక్ కండిషనర్. బట్టలకు మెత్తదనాన్నీ సువాసననూ ఇచ్చే ఈ ద్రవంలోని అణువులకు ధనావేశమున్న తల, కొవ్వులాంటి తోక ఉంటాయి. తల పోగుకు అతుక్కుంటే తోక బయటికి చాచుకొని ఉంటుంది. చీరకో చొక్కాకో హాయినిచ్చే ఆ జిడ్డు పొర మైక్రోఫైబర్ మీద పేరుకున్నప్పుడు నీరు సందుల్లోకి దిగలేక పైపైనే జారిపోతుంది, అద్దాన్ని తుడిస్తే అదే పొర చారలై కనిపిస్తుంది. బ్లీచింగ్ ద్రావణం దెబ్బ వేరు. అందులోని క్లోరిన్ సమ్మేళనం పాలియెస్టర్‌కన్నా ఎక్కువగా నైలాన్ తొనలను దెబ్బతీస్తుంది.

బోరు నీటితో వచ్చే ఇబ్బంది మనకు ప్రత్యేకంగా తెలిసిందే. కాల్షియం, మెగ్నీషియం లవణాలున్న కఠిన జలంలో సబ్బు బిళ్లతో ఉతికితే తెట్టు ఏర్పడి సందుల్లో ఇరుక్కుంటుంది. పొడి డిటర్జెంట్ సరిగా కరగకపోయినా రేణువులు మిగిలిపోతాయి. అందుకే సువాసనలూ మెత్తబరిచే పదార్థాలూ కలపని ద్రవ డిటర్జెంట్‌ను కొద్దిగా వాడి, జాడింపు ఒకసారి ఎక్కువ చేయడం మంచిది.

వేడి విషయంలో చాలామంది పొరబడతారు. పాలియెస్టర్ కరగాలంటే 250 డిగ్రీల సెల్సియస్ దాటాలి కదా అనుకుంటారు గాని, 70–80 డిగ్రీల దగ్గరే దాని అణుగొలుసులు సడలడం మొదలవుతుంది. నైలాన్ ఇంకా ముందే సడలుతుంది. ఆ స్థితిలో వంగిన సన్నని అంచులు చల్లారాక అలాగే బిగుసుకుపోవచ్చు. 40 డిగ్రీల గోరువెచ్చని నీరు చాలు. ఇస్త్రీ అసలు వద్దు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇసుక. కారు రంగు మీద రక్షణగా ఉండే క్లియర్ కోట్ మందం సుమారు 40–50 మైక్రాన్లు, అంటే సాధారణంగా తలవెంట్రుకకన్నా తక్కువ. మన వీధి దుమ్ములో ఉండే క్వార్ట్జ్ (ఇసుకలోని గట్టి ఖనిజం) రేణువు కాఠిన్యం మోస్ కొలమానంలో 7, అంటే చాకు ఉక్కుకన్నా ఎక్కువ. అపార్టుమెంట్ల సెల్లార్లలో తెల్లవారుజామున ఒకే గుడ్డతో, ఒకే బకెట్ నీటితో పది కార్లు తుడవడం చూస్తుంటాం. తుడిచేవారి కష్టంలో లోపం లేదు, వారికి తగినన్ని గుడ్డలు ఇవ్వని మనదే ఆ లోపం. మొదటి కారు మీది ఇసుక పదో కారు మీద వలయాలుగా గీతలు పెడుతుంది, ఎండ పడినప్పుడు అవి సాలెగూడులా మెరుస్తాయి. టవల్ నేల మీద పడితే, ఉతికేదాకా దాన్ని రంగుకు తగలనివ్వకూడదు. చక్రాలకు వాడిన గుడ్డల్లో బ్రేకుల నుంచి రాలిన ఇనుప పొడి ఉంటుంది కనుక వాటిని విడిగా ఉతకాలి. నూలు బట్టలతో కలిపితే వాటి నూగునంతా ఈ గుడ్డ పట్టేసుకుంటుంది కాబట్టి ఆ పొత్తూ కుదరదు. వ్యాక్స్ తుడిచిన గుడ్డను అది గట్టిపడకముందే, అదే రోజు ఉతకాలి. రంగు మీద రక్షణ పొరగా పూసే సిరామిక్ కోటింగ్ ద్రవాన్ని తుడిచిన గుడ్డను మాత్రం పారవేయక తప్పదు, పోగుల్లో గట్టిపడిన ఆ పదార్థం ఏ ఉతుకుకూ లొంగదు.

ఆరబెట్టడానికి మన వాతావరణంలో డ్రైయర్ అక్కరలేదు. దండెం మీద నీడలో ఆరేస్తే చాలు, ఎండ నైలాన్‌ను క్రమంగా బలహీనపరుస్తుంది. పిట్టగోడ మీద ఆరేస్తే సున్నమూ ఇసుకా అంటుకుంటాయి. ఆరిన వెంటనే మూత ఉన్న డబ్బాలో పెట్టాలి.

గుడ్డ ఇంకా పనికొస్తుందో లేదో తెలుసుకోవడానికి గాజుపలక మీద చెంచాడు నీళ్లు పోసి మెల్లగా తుడిచి చూడండి. నీటిని పీల్చకుండా ముందుకు నెడుతుంటే బకెట్ నీటిలో అరకప్పు తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టి, బాగా జాడించండి. సున్నపు లవణాలను ఆ ఆమ్లం కరిగిస్తుంది. బ్లీచింగ్‌తో మాత్రం దాన్ని ఎన్నడూ కలపకూడదు, విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అప్పటికీ గుడ్డ నీటిని నెడుతూనే ఉంటే, ఒక మూల కత్తిరించి గుర్తు పెట్టి, చక్రాలు తుడిచే గుడ్డల్లో కలిపేయండి.