దవడ ఎముక జబ్బుకి బోన్ స్కాన్ ఎందుకు రాస్తారు

పన్ను పీకించుకొని రెండు నెలలు దాటినా గుంత పూడక, చీము కారతా, లోపల ఎముక బయటపడి కనపడతా ఉంటే నెల్లూరులోనో ఒంగోల్లోనో డెంటల్ డాక్టర్ ముందు ఓపీజీ ఎక్స్‌రే (దవడలు, పళ్లు మొత్తం ఒకే ఫిల్మ్‌లో పడేది) తీయిస్తాడు, అందులో ఏదీ తేలకపోతే బోన్ స్కాన్ చేయించుకురమ్మని తిరుపతికో చెన్నైకో రాసిస్తాడు. ఎక్స్‌రేలో లేని జబ్బు ఇంకో స్కాన్‌లో ఎట్టా కనపడుద్ది అని ఇంట్లోవాళ్లకి అనుమానం.

ఎక్స్‌రే చూసేది ఎముకలో సున్నం ఎంత ఉందనేదే. అది 30 నుంచి 50 శాతం దాకా కరిగిపోతే గానీ ఫిల్మ్ మీద తేడా తెలీదు, ఈలోపు చీము లోపల తన పని తాను చేసుకుపోద్ది. బోన్ స్కాన్ లెక్క వేరు. చేతి నరానికి టెక్నీషియం-99ఎం అనే రేడియేషన్ వెదజల్లే పదార్థం కలిపిన ఎండీపీ అనే మందు ఎక్కిస్తారు, అది రక్తంలో తిరిగి కొత్త ఎముక ఎక్కడ తయారవతా ఉంటే అక్కడ ఎక్కువగా అతుక్కుంటుంది, రెండు మూడు గంటలాగి ఆ రేడియేషన్‌ని పట్టే గామా కెమెరా కింద పడుకోబెడితే బొమ్మలో ఆ చోటు నల్లగా పడుద్ది. ఇన్‌ఫెక్షన్ చుట్టూ ఎముక రిపేరు పనిలో ఉంటుంది కాబట్టి మందు అక్కడ బాగా చేరుద్ది. పూర్తిగా చచ్చిపోయిన ముక్కకి రక్తమే అందదు, మందూ చేరదు, అది ఖాళీగా కనపడుద్ది.

ఇందులో నాకు భలే అనిపించే సంగతి ఒకటుంది. క్యాన్సర్ ఎముకలకి పాకినోళ్లకి, ఎముకలు గుల్లబారిన పెద్దోళ్లకి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఇస్తారు కదా, ఆ మందు కొందరిలో దవడ ఎముకనే చంపేస్తుందని అమెరికా సర్జన్ రాబర్ట్ మార్క్స్ 2003లో 36 మంది కేసులు చూపించి రాశాడు. స్కాన్‌కి వాడే ఎండీపీ కూడా ఆ కుటుంబం మందే! రెండూ ఎముకని వెతుక్కుంటా పోయేవే, కాకపోతే ఒకటి అక్కడే కూర్చొని పాత ఎముకని తినేసే కణాలను ఆపేస్తుంది, రెండోది చాలా కొంచెం మోతాదులో వెళ్లి ఆచూకీ చెప్పుద్ది. అందుకే పన్ను పీకించుకునే ముందు ఎముకల ఇంజెక్షన్ ఏదన్నా వేయించుకొని ఉంటే, అది ఏడాదికోసారి వేసేదైనా సరే, డాక్టర్‌కి చెప్పి తీరాలి.

అట్టని స్కాన్ చెప్పిందే వేదం అనుకోకూడదు. పుచ్చిపోయిన పన్ను, ఈమధ్యే పీకిన గుంత, చిగుళ్ల జబ్బు, అన్నీ నల్లగానే పడతాయి. అక్కడ పని జరగతా ఉందని చెప్పుద్ది గానీ ఎందుకు జరగతా ఉందో చెప్పదు, దానికి సీటీ కలిపి తీసే స్పెక్ట్-సీటీ, అవసరమైతే ముక్క తీసి పరీక్ష చేయడం తప్పవు.

రేడియేషన్ సంగతంటారా, టెక్నీషియం-99ఎం 6 గంటలకి సగం అయిపోద్ది, అంటే రోజు తిరిగేసరికి పదహారో వంతు, అదీ చాలావరకు మూత్రంలో పోద్ది కాబట్టి నీళ్లు బాగా తాగమంటారు. ఒంటికి తగిలేది సుమారు 4, 5 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే లెక్క), ప్రకృతిలోంచి ఏడాదికి సగటున 2.4 దాకా ఎట్టాగూ తగలతా ఉంటుంది. గర్భంతో ఉన్నా, పాలిచ్చే తల్లయినా ముందే చెప్పాలి.

మన వైపు వాళ్లకి ఇంకో చిక్కు ఉంది. దేశంలో ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు చెడే జబ్బు) గురించి డాక్టర్లు మొదట వివరంగా రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. కనిగిరి, పొదిలి వైపు ఊళ్లు ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగి ఎముకలు ముదిరినోళ్లకి స్కాన్‌లో ఒళ్లంతా ఎముక మందు పీల్చేసి, కిడ్నీలు కూడా సరిగ్గా కనపడనంతగా అస్థిపంజరం మొత్తం నల్లగా పడొచ్చు, అప్పుడు దవడ నలుపు వేరే జబ్బా, ఫ్లోరైడ్ వల్లా అని తేల్చడం కష్టం. కాబట్టి స్కాన్ ఫారం నింపేటప్పుడు వయసు, మందులతో పాటు చిన్నప్పట్నుంచీ ఏ ఊరి బోరు నీళ్లు తాగారో కూడా రాయించండి.