టైమ్‌అవుట్ వచ్చిందంటే పని ఆగినట్టేనా? అసింక్ హెల్పర్ల మీద అపోహలు, వాస్తవాలు

పోయిన వారం మా జావాస్క్రిప్ట్ టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. "అన్నా, టైమ్‌అవుట్ హెల్పర్ పెట్టాను, 5 సెకన్లకి ఎర్రర్ కూడా వస్తోంది. అయినా డేటాబేస్‌లో రికార్డు పడిపోతోందేంటి?" అసింక్ పని అంటే జవాబు తర్వాతెప్పుడో వచ్చే పని; గడువులోపు అది తేలకపోతే ఎర్రర్ ఇచ్చే చిన్న ఫంక్షనే టైమ్‌అవుట్ హెల్పర్. తన కోడ్‌లోనే ఏదో ఘోరం జరిగిందని వాడి భయం. ఈ ప్రశ్న వినని నెల లేదు నాకు.

అపోహ: టైమ్‌అవుట్ హెల్పర్ పనిని ఆపేస్తుంది.

వాస్తవం: ఆపదు. మనందరి యుటిల్స్ ఫోల్డర్లో ఉండే ఆ హెల్పర్‌ని తెరిచి చూడండి, లోపల సాధారణంగా ఉండేది ప్రామిస్.రేస్. ప్రామిస్ అంటే తర్వాత రాబోయే ఫలితానికి ముందే ఇచ్చే టోకెన్ లాంటిది, రేస్ అంటే వాటి మధ్య పోటీ. ఒక పక్క అసలు పని, ఇంకో పక్క సెట్‌టైమ్‌అవుట్ అనే టైమర్. ఏది ముందు తేలితే అది మన చేతికొస్తుంది. ఓడిపోయిన దాన్ని ఎవరూ ఆపరు, ప్రామిస్‌కి రద్దు చేసే మెథడే లేదు. ఆర్డరిచ్చింది ఎంతసేపటికీ రాలేదని హోటల్లోంచి లేచొచ్చేస్తే లోపల పెనం మీద దోసె ఆగుతుందా?

దీని మీద, ఫెయిలైతే మళ్లీ ప్రయత్నించే రీట్రై హెల్పర్ కూడా ఎక్కిస్తే డబ్బులు పోతాయి. నా అనుభవమే చెప్తా. ఒక బుకింగ్ సైట్‌కి టైమ్‌అవుట్ 5 సెకన్లు, రీట్రైతో కలిపి మొత్తం 3 ప్రయత్నాలు పెట్టింది నేనే. ఒక సాయంత్రం పేమెంట్ గేట్‌వే నెమ్మదించి 7 సెకన్లకి జవాబివ్వడం మొదలెట్టింది. మా కోడ్ మూడుసార్లూ "ఫెయిల్" అనుకుంది, గేట్‌వే మూడుసార్లూ డబ్బు కోసింది. ఒకాయన పెళ్లి హాలు అడ్వాన్సు మూడింతలు పోయి ఫోన్ చేశాడు. ఆ గొంతు ఇప్పటికీ గుర్తే.

నిజంగా ఆపాలంటే అబార్ట్‌కంట్రోలర్ ఇచ్చే రద్దు సిగ్నల్‌ని, రిక్వెస్ట్ పంపే ఫెచ్ దాకా అందించాలి. గడువు దాటగానే ఆ సిగ్నల్ తనే ఇచ్చే అబార్ట్‌సిగ్నల్.టైమ్‌అవుట్ ఉంది, వాడుకోండి. అయినా తెగేది మన వైపు తీగే, సర్వర్ అప్పటికే పని మొదలెట్టి ఉండొచ్చు. అందుకే డబ్బు కదిలే చోట ఐడెంపొటెన్సీ కీ తప్పనిసరి, అంటే ఇది పాత రిక్వెస్టే, మళ్లీ చేయొద్దని సర్వర్ గుర్తుపట్టే గుర్తు. అవతలి వాళ్లు దాన్ని పట్టించుకుంటారో లేదో కూడా చూసుకోవాలి. నేను మొదట ఆ కీని రీట్రై లూప్ లోపల తయారుచేశా, అంటే ప్రతి ప్రయత్నానికీ కొత్త కీ. మళ్లీ అదే గోల. బయట ఒక్కసారే చేయాలి.

మిగతావి గబగబా.

ఫర్‌ఈచ్ లూప్ లోపల అవెయిట్ (ఫలితం వచ్చేదాకా ఆగమనే మాట) పెడితే లూప్ ఒక్కోదాని కోసం ఆగుతుందనుకోవడం: ఆగదు. ఒక్కొక్కటిగా కావాలంటే ఫర్-ఆఫ్ లూప్, అన్నీ ఒకేసారి కావాలంటే మ్యాప్‌తో ప్రామిస్.ఆల్.

ప్రామిస్.ఆల్‌లో ఒకటి ఫెయిలైతే మిగతావి ఆగుతాయనుకోవడం: అవీ ఆగవు. అన్నిటి ఫలితాలూ కావాలంటే 2020 నుంచి ఆల్‌సెటిల్డ్ ఉంది.

"అవెయిట్ స్లో, కాల్‌బ్యాకే (పని అయ్యాక పిలవమని ఇచ్చే ఫంక్షన్) బెటర్" అని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పేవాళ్లకి దండం. ఒకదానితో ఒకటి సంబంధం లేని 200 మిల్లీసెకన్ల కాల్స్ మూడింటిని వరసలో నిలబెడితే 600 పడుతుంది, కలిపి వదిలితే 200 దగ్గర తేలుతుంది. తప్పు అవెయిట్‌ది కాదు.

రీట్రైకి ఫంక్షన్ బదులు ప్రామిస్ ఇచ్చేయడం: ఆ కుర్రాడి కోడ్‌లో ఇదీ దొరికింది. ఫంక్షన్ పేరు పక్కన పిలుపు బ్రాకెట్లు () పెట్టేసి హెల్పర్‌కి ఇచ్చాడు, కాబట్టి పని హెల్పర్‌లోకి వెళ్లకముందే మొదలైపోయింది. లాగ్‌లో మూడు ప్రయత్నాలు, బయటికి వెళ్లిన రిక్వెస్ట్ ఒక్కటి. రికార్డు రెండోసారి పడకపోవడానికి అదే కారణం. వాడి అదృష్టం.