మ్యాన్‌హోల్ దగ్గర భద్రతా టెక్నీషియన్ పని: అపోహలు – వాస్తవాలు

పురపాలక సంస్థల్లో భద్రతా టెక్నీషియన్‌గా కొత్తగా చేరినవారిని ఎక్కువగా భూగర్భ డ్రైనేజీ విభాగానికి పంపుతారు. నేను పని చేస్తున్నదీ ఆ విభాగంలోనే. చేరిన కొత్తలో మేస్త్రీల నుంచి, కాంట్రాక్టర్ల నుంచి, కాలనీవాసుల నుంచి ఎన్నో మాటలు వినవలసి వస్తుంది. వాటిలో కొన్ని అనుభవం మీద వచ్చినవి, కొన్ని ప్రాణం తీసేవి. రెండోరకం మాటల గురించే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: వాసన రావడం లేదు కాబట్టి గ్యాస్ లేదు.

మ్యాన్‌హోల్‌లో ప్రాణాంతకమైన హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కుళ్లిన కోడిగుడ్డు వాసన ఉంటుందన్నది నిజమే. గాలిలో ఒక పీపీఎం (పది లక్షల భాగాల్లో ఒక భాగం) కూడా లేనప్పుడే ముక్కు దానిని పసిగడుతుంది. అయితే సుమారు 100 పీపీఎం దగ్గరికి చేరేసరికి ఘ్రాణశక్తి మొద్దుబారి, కొద్ది నిమిషాల్లో వాసన తెలియకుండా పోతుంది. మనిషికి తక్షణ ప్రాణాపాయం కలిగించే స్థాయిగా అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ గుర్తించిన పరిమాణం కూడా ఆ 100 పీపీఎమ్మే. అంటే ముక్కు హెచ్చరించడం మానేసే చోటే అసలు ప్రమాదం మొదలవుతోంది. ఇక మీథేన్‌కు, ఆక్సిజన్ కొరతకు ఏ వాసనా ఉండదు.

వెలిగించిన కాగితాన్ని లోపలికి వదిలి, అది ఆరిపోకపోతే దిగవచ్చనే పాత పద్ధతి ఇంకా కొన్నిచోట్ల కనిపిస్తుంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఆ కాగితమే పేలుడుకు కారణమవుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎంత ఉన్నదో ఆ మంట ఎలాగూ చెప్పలేదు.

అపోహ: మూత తీసి గంటసేపు వదిలేస్తే గాలి శుభ్రపడుతుంది.

ఎగువన, దిగువన ఉన్న మ్యాన్‌హోళ్ల మూతలు కూడా తీసి ఉంచడం మంచిదే గాని, లోపలి గాలి బాగుందని అది నిరూపించదు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువైనది కాబట్టి అడుగునే నిలుస్తుంది. పైగా అది పూడికలో బంధింపబడి ఉంటుంది; గడ్డపారతో పూడికను కదిలించిన క్షణంలో ఒక్కసారిగా బయటికి వస్తుంది. మూత దగ్గర చూసిన రీడింగు బాగుండి, పని మొదలైన తరువాత మనిషి కూలిపోయే ప్రమాదం అందువల్లే ఉంది. గాలిని లోపలికి ఊదే బ్లోయర్ గొట్టాన్ని అడుగు దాకా దించాలి. మనిషి లోపల ఉన్నంతసేపూ వాయువులను కొలిచే డిటెక్టర్ నడుస్తూనే ఉండాలి.

అపోహ: డిటెక్టర్ మోగలేదంటే అంతా క్షేమం.

కొత్తవారు అన్నిటికంటే శ్రద్ధగా నేర్చుకోవలసిన విషయం ఇది. నాలుగు గ్యాసుల డిటెక్టర్‌ను లారీ పొగకు దూరంగా, శుభ్రమైన గాలిలో ఆన్ చేయాలి; మురికి గాలినే అది సున్నాగా లెక్కిస్తే తరువాత చూపే ప్రతి అంకె తప్పే అవుతుంది. తెలిసిన గ్యాస్‌ను సెన్సార్లకు తగిలించి చూసే బంప్ టెస్ట్‌ను ఆ రోజు పనికి ముందే పూర్తి చేయాలి. తరువాత డిటెక్టర్‌కు గాలిని చేర్చే గొట్టాన్ని మ్యాన్‌హోల్‌లో పైన, మధ్యన, అడుగున ఆపుతూ దించాలి. గాలి గొట్టం గుండా పరికరం దాకా రావడానికి సమయం పడుతుంది కాబట్టి ప్రతి మట్టం దగ్గరా వేచి ఉండాలి. ముందుగా ఆక్సిజన్ అంకె చూడాలి, ఎందుకంటే మండే వాయువులను కొలిచే మామూలు సెన్సార్ పని చేయడానికే ఆక్సిజన్ కావాలి. అది తగ్గిన చోట ఆ సెన్సార్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

ఇంకొక సూక్ష్మం ఉంది. సాధారణ గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, అలారం మోగేది సాధారణంగా 19.5 కంటే తగ్గినప్పుడు. తెరపై 19.9 కనిపిస్తే అలారం మోగదు కాబట్టి చాలామంది ఫరవాలేదంటారు. ఆక్సిజన్ గాలిలో దాదాపు అయిదో వంతు మాత్రమే; మరో వాయువు చేరడం వల్ల అది ఒక శాతం తగ్గిందంటే మొత్తం గాలిలో సుమారు అయిదు శాతం, అంటే దాదాపు 48,000 పీపీఎం మేరకు ఆ వాయువు చొరబడిందని అర్థం. ఆ వాయువేమిటో తేలేవరకు ఎవరినీ దించకూడదు. అలారం మోగలేదన్నది ఇక్కడ సమాధానం కాదు.

అపోహ: మాస్క్ పెట్టుకుంటే చాలు.

గుడ్డ మాస్క్, ఎన్-95 మాస్క్ ధూళిని ఆపుతాయే గాని వాయువులను ఆపలేవు. వడపోత డబ్బా బిగించిన క్యానిస్టర్ మాస్క్ కొన్ని వాయువులను వడకట్టినా లేని ఆక్సిజన్‌ను సృష్టించలేదు. ఆక్సిజన్ తక్కువగా ఉన్న చోట బయటి నుంచి గొట్టం ద్వారా గాలి అందించే పరికరం గాని, వీపున మోసే గాలి సిలిండర్ గాని తప్ప మరొకటి పనికిరాదు.

అపోహ: లోపల పడిపోయినవారిని కాపాడాలంటే వెంటనే దిగాలి.

2015 నవంబరులో కేరళలోని కోళికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో దిగిన ఇద్దరు ఆంధ్రప్రదేశ్ కార్మికులు ప్రమాదంలో చిక్కుకోగా, వారిని రక్షించడానికి దిగిన స్థానిక ఆటో డ్రైవర్ కూడా మరణించాడు. అతని మంచితనాన్ని ఎవరూ ప్రశ్నించలేరు. కానీ అంతటి మనసున్నవాడి ప్రాణాన్ని కూడా కాపాడగలిగేది పైన సిద్ధంగా ఉన్న ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు), తాడును చుట్టి పైకి లాగే వించి, కార్మికుడి ఒంటికి ముందే బిగించిన హార్నెస్ (పట్టీల బెల్టు) మాత్రమే. అవి ఉంటే పైనున్నవారు దిగకుండానే మనిషిని లాగగలుగుతారు. కాపలా ఉన్న వ్యక్తి ఎట్టి పరిస్థితిలోనూ దిగకూడదని, ఫైర్ సర్వీసుకు ఫోన్ చేసి వించి తిప్పడమే అతని పని అని పని మొదలయ్యే ముందు అందరి ఎదుటా చెప్పించాలి.

అపోహ: కాంట్రాక్టర్ మనుషులు ఇష్టపడి దిగుతున్నారు, సంతకం కూడా చేశారు.

2013 నాటి మాన్యువల్ స్కావెంజర్ల (చేతులతో మలాన్ని శుభ్రం చేసేవారి) నియామక నిషేధ చట్టం, సెక్షన్ 7 ప్రకారం ఏ స్థానిక సంస్థా నేరుగా గాని, పరోక్షంగా గాని మనుషులను ప్రమాదకరమైన మురుగు శుభ్రతకు దించరాదు. మొదటి ఉల్లంఘనకే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఆ సంతకం ఎవరినీ కాపాడదు. యంత్రంతో సాధ్యం కాని కొన్ని పనులకు మాత్రమే, అదీ సంస్థ ముఖ్య అధికారి కారణాలతో లిఖితపూర్వకంగా అనుమతించి, రక్షణ పరికరాలన్నీ ఇచ్చిన తరువాతనే నిబంధనలు వీలు కల్పిస్తాయి. మురుగు పనిలో మరణించినవారి కుటుంబానికి ఇవ్వవలసిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. 2025 జనవరిలో హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు శుభ్రం చేయించరాదని ఆదేశించింది.

అపోహ: క్లోరిన్ లీకైతే నీళ్లు చల్లాలి.

నీటి శుద్ధి కేంద్రానికి పంపినప్పుడు ఈ మాట కూడా వినిపిస్తుంది. క్లోరిన్ సిలిండర్ లీకవుతున్న చోట నీరు పడితే ఆమ్లం ఏర్పడి, లోహాన్ని తినివేసి, రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. క్లోరిన్ గాలి కంటే బరువైనది కాబట్టి గాలికి ఎదురుగా, ఎత్తయిన చోటికి వెళ్లాలి. అమోనియా ద్రావణం సీసాను వాల్వు దగ్గరికి తెస్తే లీకున్న చోట తెల్లని పొగ కనిపిస్తుంది. ఆ పరీక్షను కూడా గాలి సిలిండర్ ధరించినవారే చేయాలి.

అపోహ: కింది స్థాయి టెక్నీషియన్ పని ఆపలేడు.

కాలనీలో మురుగు పొంగి, ప్రజాప్రతినిధి నుంచి ఫోన్ వచ్చి, "ఒక్క అయిదు నిమిషాల పని తమ్ముడూ" అని మేస్త్రీ గారు అంటున్నప్పుడు పని ఆపడం నిజంగానే కష్టం. అయితే లోపలికి దిగడానికి అనుమతినిచ్చే పర్మిట్ కాగితంపై ఆక్సిజన్, మండే వాయువు, విషవాయువు అంకెలతో పాటు సమయం రాసి సంతకం చేయవలసింది టెక్నీషియనే. రీడింగు బాగాలేకపోతే దానిని ఉన్నది ఉన్నట్టు రాసి, డిటెక్టర్ తెరను ఫొటో తీసి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారికి పంపి, నీటిని వేగంగా చిమ్మే జెట్టింగ్ మిషన్‌ను గాని, మురుగును పీల్చే సక్షన్ మిషన్‌ను గాని పంపమని అదే సందేశంలో అడగండి. మనిషిని దించమని లిఖితపూర్వకంగా జవాబిచ్చే అధికారిని నేను ఇంతవరకు చూడలేదు. ఇళ్లవారు ఒత్తిడి చేస్తుంటే మిషన్ ఎప్పుడు వస్తుందో కనుక్కొని చెప్పండి. ప్రైవేటుగా మనుషులను పిలిపించి దించవద్దని, మురుగు, సెప్టిక్ ట్యాంకు ఫిర్యాదులకు 14420 నంబరు ఉన్నదని అక్కడే వివరించండి. మిషన్ వచ్చేదాకా మూత తెరిచి ఉన్న మ్యాన్‌హోల్ చుట్టూ బారికేడ్ పెట్టించి, పిల్లలు అటు రాకుండా ఒక మనిషిని నిలబెట్టండి.