వింటర్ మీటింగ్స్ పుకార్లు: పళ్లు చూసినంత మాత్రాన ఎద్దును కొన్నట్టు కాదు

డిసెంబరులో బేస్‌బాల్ క్లబ్బులన్నీ ఒకచోట చేరి ఆటగాళ్ల బేరాలాడుకునే వింటర్ మీటింగ్స్ దగ్గరపడుతున్నాయంటే నా ఫోను మోగడం మొదలవుతుంది. ఒక మేజర్ లీగ్ బేస్‌బాల్ క్లబ్బు కార్యాలయంలో ఆటగాళ్ల ఒప్పందాలు, సర్వీస్ టైమ్ (మేజర్ లీగ్‌లో గడిపిన కాలం), జీతాల లెక్కలు చూడడం నా ఉద్యోగం. అందుచేత అమెరికాలో ఉన్న మా బంధువుల్లోనూ స్నేహితుల్లోనూ ఈ ఆట పిచ్చి పట్టిన ప్రతివారికీ, అసలు సంగతి నాకు ముందే తెలిసిపోతుందన్న నమ్మకం ఉంది. అడిగే ప్రశ్న ఏటా ఒకటే: "అన్నయ్యా, మావాణ్ణి ఇచ్చేస్తున్నారట కదా, నిజమేనా?" నేను చెప్పకూడదు, చెప్పకపోతే "ఏదో ఉంది కాబట్టే దాస్తున్నాడు" అంటారు. 2022లో శాన్ డియేగో, 2023లో నాష్‌విల్, 2024లో డాలస్, 2025లో ఓర్లాండో అంటూ మీటింగ్స్ జరిగే ఊరు మారుతోంది గాని ప్రశ్న మారడం లేదు. అందుకే మా క్లబ్బు రహస్యాలు కదపకుండా చెప్పగలిగినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఫలానా ఆటగాడి గురించి రెండు క్లబ్బులు మాట్లాడుకుంటున్నాయని వార్త వచ్చిందంటే ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) దాదాపు అయిపోయినట్టే.

అభిమానుల డబ్బునూ నిద్రనూ అన్నిటికంటే ఎక్కువగా తినేసేది ఈ ఒక్క అపోహే కనుక దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

30 క్లబ్బుల వాళ్లమూ ఒకే ప్రాంగణంలో దిగుతాం. ప్రతి క్లబ్బుకూ ఒక పెద్ద సూట్ ఉంటుంది. మాకిచ్చిన దానిలో సోఫాలన్నీ గోడవారకు జరిపి, మధ్యలో పొడుగాటి బల్ల వేసుకుని, కిటికీకి అడ్డంగా తెల్లబోర్డు నిలబెట్టుకుంటాం. అది నిలబెట్టిన క్షణం నుంచి బయట పగలో రాత్రో తెలియదు. బోర్డు మీద అయస్కాంతం అంటించిన చీటీలు, ఒక్కో చీటీ మీద ఒక్కో ఆటగాడి పేరు. నా ల్యాప్‌టాప్‌లో అన్ని క్లబ్బుల 40 మంది జాబితాలూ (మేజర్ లీగ్ ఒప్పందం ఉన్న ఆటగాళ్లవి), ఎవరికి ఫ్రీ ఏజెన్సీ (నచ్చిన క్లబ్బుకు వెళ్లే స్వేచ్ఛ) ఎప్పుడు వస్తుంది, ఎవరికి మైనర్ లీగ్ ఆప్షన్లు (దిగువ జట్లకు పంపే అవకాశాలు) ఎన్ని మిగిలాయి అన్న వివరాలూ ఉంటాయి. మొదటి సాయంత్రం మా వాళ్లు చేసే మొదటి పని మిగిలిన 29 క్లబ్బులనూ పలకరించడం. "మీ కుర్ర పిచర్‌ను ఇచ్చే ఆలోచన ఏమైనా ఉందా?" అని వీళ్లు అడుగుతారు. "తగినది ఇస్తే ఎవరి గురించైనా వింటాం" అని వాళ్లు అంటారు. ఆ సంభాషణకు రెండు నిమిషాలు పట్టదు. బోర్డు మీద ఆ పిచర్ చీటీ ఒక బెత్తెడు కుడివైపు జరుగుతుంది, మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ ఎడమకు వస్తుంది. సంతకు వెళ్లిన రైతు కనబడిన ప్రతి ఎద్దు పళ్లూ చూస్తాడు, ప్రతి ఎద్దునూ తోలుకుపోడు. అడగకపోవడం మా వృత్తిలో తప్పు కనుక అడుగుతాం, అంతే.

ఇప్పుడు ఆ రెండు నిమిషాల మాట బయటికి ఎలా వస్తుందో చూడండి. అమ్మజూపే క్లబ్బు, గిరాకీ ఉందని తెలిస్తే ధర పెరుగుతుందని దాన్ని వదలవచ్చు. కొనజూసే క్లబ్బు, రేపు ఎవరూ దొరక్కపోయినా తన అభిమానులకు "ప్రయత్నించాం" అని చెప్పుకోవడానికి వదలవచ్చు. అదే స్థానంలో ఆడే ఫ్రీ ఏజెంట్ తరఫు ఏజెంటు, "మీరు ఆలస్యం చేస్తే పక్కవాడు ట్రేడ్‌లో మరొకరిని తెచ్చుకుంటాడు" అని భయపెట్టడానికి వదలవచ్చు. రాసిన విలేకరి చాలాసార్లు అబద్ధం రాయడు, మాట్లాడుకున్నది నిజమే. "వింటున్నారు" అన్న మాటను "అమ్ముతున్నారు" అని చదువుకోవడంలోనే తప్పు జరుగుతోంది. కనుక వార్త కనబడగానే అది నిజమా అబద్ధమా అని తలపట్టుకోవడం కంటే, అది బయటికి రావడం వల్ల ఈ పూట ఎవరికి లాభం అని ఆలోచించండి.

వార్తే తప్పయిన సందర్భాలూ లేకపోలేదు. 2022 డిసెంబరు 6న యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జ్ జెయింట్స్ జట్టుకు వెళ్లేటట్టున్నాడని ఒక ప్రముఖ విలేకరి తొందరలో పేరును సైతం "ఆర్సన్" అని తప్పుగా కొట్టి ప్రకటించాడు. కొద్ది నిమిషాల్లోనే వెనక్కి తీసుకున్నాడు. జడ్జ్ మర్నాడే 9 ఏళ్లకు 36 కోట్ల డాలర్లతో యాంకీస్‌లోనే ఉండిపోయాడు. మరుసటి ఏడాది నాష్‌విల్ మీటింగ్స్ ముగిసిన రెండు రోజులకు, డిసెంబరు 8న, జపాన్ ఆటగాడు షోహెయ్ ఓటాని బ్లూ జేస్ జట్టు ఊరైన టొరంటోకు విమానంలో వస్తున్నాడన్న కబురు పుట్టింది. దక్షిణ కాలిఫోర్నియా నుంచి బయలుదేరిన ఒక ప్రైవేటు విమానాన్ని వేలమంది తెరల మీద ఊపిరి బిగబట్టి అనుసరించారు. తీరా దిగింది రాబర్ట్ హెర్జావెక్ అనే కెనడా వ్యాపారవేత్త, ఆయన కుటుంబం. మర్నాడు ఓటాని తానే డాడ్జర్స్ పేరు ప్రకటించాడు: 10 ఏళ్లకు 70 కోట్ల డాలర్లు, అందులో 68 కోట్లు 2034 నుంచి 2043 వరకు చెల్లించే వాయిదా సొమ్ము. ఆ రోజు బ్లూ జేస్ అభిమానులు పడిన బాధను చూసి నవ్వినవాళ్లు చాలామంది. నాకు నవ్వు రాలేదు. ఆశపడడం అభిమాని తప్పు కాదు, ఆ ఆశను గంటకొకసారి ఎగదోసేవాళ్లది తప్పు.

మా పిన్ని కొడుకు డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఉంటాడు. 2024లో మీటింగ్స్ డాలస్‌కే రావడంతో ఒక రోజు సెలవు పెట్టి హోటల్ లాబీలో వచ్చి నిలబడ్డాడు. మధ్యాహ్నానికి తన స్నేహితుల గ్రూపులో ఒక ఫొటో పెట్టాడు: ఒక జనరల్ మేనేజరూ ఒక పెద్ద ఏజెంటూ కాఫీ వరసలో ఒకరి వెనక ఒకరు నిలబడి తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుంటున్నారు. కింద "అయిపోయింది!" అని రాశాడు. ఆ వరసలో మూడో మనిషిని నేనే, ఫొటోలో నా భుజం కూడా పడింది. వాళ్లు మాట్లాడుకుంటున్నది కూతుళ్ల ఈత క్లాసుల ఫీజుల గురించి. మావాడు మాత్రం ఆ సాయంత్రమే ఆ ఏజెంటు చూసే ఒక పిచర్ పేరు వేయించి కొత్త జెర్సీకి ఆర్డరు పెట్టేశాడు. పేరు వేయించిన జెర్సీని వాపసు తీసుకోరు. పిచర్ ఆ జట్టుకు రాలేదు. జెర్సీతో పోయిందే నయం. "తర్వాతి జట్టు ఏది" అన్న పందెంలో నెల జీతం పోగొట్టుకున్నవాణ్ణి కూడా ఎరుగుదును.

ఆటగాళ్ల సంగతి ఇంకా కష్టం. 2015 జూలై 29న మెట్స్ ఆటగాడు విల్మర్ ఫ్లోరెస్, తనను ట్రేడ్ చేసేశారన్న కబురు ఆట మధ్యలో తెలిసి, మైదానంలో నిలబడే కళ్లు తుడుచుకోవడం దేశమంతా టీవీలో చూసింది. అవతలి ఆటగాడు కార్లోస్ గోమెజ్ వైద్య నివేదికల మీద మెట్స్‌కు సందేహాలు కలగడంతో ఆ ట్రేడ్ జరగనే లేదు. రెండు రోజుల తరవాత అదే ఫ్లోరెస్ 12వ ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి నేషనల్స్ మీద జట్టును గెలిపించాడు గనుక అది అందమైన కథగా మిగిలింది. అందరికీ అలా మిగలదు. ఒక చలికాలం రాత్రి మా మైనర్ లీగ్ కుర్రాడొకడు నాకు ఫోన్ చేసి, కొత్త ఇంటి అద్దె పత్రం మీద సంతకం పెట్టాలా వద్దా అని అడిగాడు. భార్యకు ఏడో నెల. అతని పేరు ఆ రోజంతా పుకార్లలో నలుగుతోంది. మా బోర్డు మీద మాత్రం ఆ పేరు చీటీ అసలు కదల్లేదు. కదిలిందనో కదల్లేదనో అతనితో అనే అధికారం నాకు లేదు. "నీ స్థానంలో ఉంటే నేను ఇల్లు తీసుకుంటాను" అని మాత్రం అన్నాను, అది కూడా అనకూడదేమో.

అపోహ: "ఒప్పందం కుదిరింది" అని వచ్చాక ఇక తిరుగులేదు.

తిరుగు ఉంది. కుదిరిన తరవాత వైద్య పరీక్ష ఉంటుంది, కాగితాలు లీగ్ కార్యాలయానికి వెళ్లాలి. 2022 డిసెంబరులో కార్లోస్ కొర్రేయా 13 ఏళ్లకు 35 కోట్ల డాలర్లతో జెయింట్స్‌కు కుదిరాడు. పరిచయ సభ జరగవలసిన రోజు ఉదయమే రద్దయింది. తరవాత 12 ఏళ్లకు 31.5 కోట్లతో మెట్స్‌కు కుదిరాడు. అక్కడా పాత కాలి గాయం దగ్గరే లెక్క ఆగింది. చివరకు జనవరిలో 6 ఏళ్లకు 20 కోట్ల హామీతో ట్విన్స్‌కే తిరిగి వచ్చాడు. ట్రేడ్‌లలోనైతే 2020 ఫిబ్రవరిలో రెడ్ సాక్స్ మూకీ బెట్స్‌ను డాడ్జర్స్‌కు పంపిన బేరాన్నే చూడండి. బదులుగా రావలసిన ట్విన్స్ పిచర్ గ్రాటరోల్ వైద్య నివేదిక రెడ్ సాక్స్‌కు నచ్చలేదు. మూడు క్లబ్బుల బేరం విప్పి రెండుగా కట్టారు, గ్రాటరోల్ డాడ్జర్స్‌కు వెళ్లాడు, రెడ్ సాక్స్‌కు వెర్డూగోతో పాటు జీటర్ డౌన్స్, కానర్ వాంగ్ వచ్చారు. ఆ ఆలస్యంలోనే జాక్ పీడర్సన్ ఏంజెల్స్‌కు వెళ్లవలసిన వేరే ట్రేడ్ చెదిరిపోయింది. అతను డాడ్జర్స్‌లోనే ఉండి ఆ ఏడాది వరల్డ్ సిరీస్ గెలిచాడు. 2003 డిసెంబరులో అలెక్స్ రోడ్రిగెజ్ రెడ్ సాక్స్‌కు వెళ్లడానికి జీతం తగ్గించుకోవడానికి సిద్ధపడినా, ఆటగాళ్ల సంఘం ఆ తగ్గింపును ఒప్పుకోలేదు. రెండు నెలల తరవాత అతను యాంకీస్‌లో తేలాడు. ఆటగాడూ క్లబ్బులూ ఒప్పుకున్నా మూడో చెయ్యి అడ్డుపడగలదు.

అపోహ: పెద్ద పేరుకు పెద్ద పేరే ఇవ్వాలి.

నా రోజువారీ పని ఇదే కనుక కొంచెం అసహనంగా మాట్లాడితే మన్నించాలి. మేము లెక్కవేసేది పేరును కాదు. ఆ ఆటగాడు మన దగ్గర ఉండే ఏళ్లలో ఆడబోయే ఆట విలువ ఎంత, అందుకు మనం ఇవ్వవలసిన జీతం ఎంత, మధ్యలో మిగిలేది ఎంత అన్నదే. 2017లో జియాన్‌కార్లో స్టాంటన్ 59 హోమ్ రన్లు కొట్టి నేషనల్ లీగ్ ఎంవీపీ (ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. అదే డిసెంబరులో యాంకీస్ అతనికి బదులుగా ఇచ్చింది స్టార్లిన్ కాస్ట్రోనూ, ఇద్దరు మైనర్ లీగ్ కుర్రాళ్లనూ. కారణం, అతని ఒప్పందంలో ఇంకా 10 ఏళ్లకు 29.5 కోట్ల డాలర్లు మిగిలి ఉన్నాయి. అటు 2024 డిసెంబరులో డాలస్‌లో మేమంతా ఉండగానే, జీతం తక్కువగా ఉండి ఇంకా రెండేళ్లు క్లబ్బు చేతిలోనే ఉండే పిచర్ గారెట్ క్రోషే కోసం రెడ్ సాక్స్ నలుగురు ప్రాస్పెక్టులను (ఎదుగుతున్న కుర్రాళ్లను) ఇచ్చింది. వాళ్లలో కైల్ టీల్, బ్రేడెన్ మాంట్‌గొమరీ ఇద్దరూ డ్రాఫ్టులో (క్లబ్బులు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే పద్ధతిలో) మొదటి రౌండు ఎంపికలు. 2023లో ఫ్రీ ఏజెన్సీకి ఒకే ఏడాది మిగిలిన హువాన్ సోటోను, ట్రెంట్ గ్రిషమ్‌తో కలిపి తెచ్చుకోవడానికి యాంకీస్ ఇచ్చిన ఐదుగురిలో పాడ్రెస్‌కు కావలసింది మైకేల్ కింగ్ వంటి పిచర్లు. ఆ ఏడాది ఆడి, సోటో మెట్స్‌కు 15 ఏళ్లకు 76.5 కోట్లకు వెళ్లిపోయాడు.

మీ జట్టులో మిగిలిపోయిన నలుగురినీ మూటకట్టి అవతలి మొదటి ఆటగాణ్ణి అడిగే ప్రతిపాదనలు రోజూ చూస్తాను. ఆ ఒక్కడు వెళ్లినా అవతలివాళ్లకు 40 మంది జాబితాలో ఇంకా మూడు చోట్లు ఖాళీ ఉండాలి కదా? ఆ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం ప్రతిపాదనలు పుట్టకముందే పోతాయి.

మిగిలినవి త్వరగా ముగిస్తాను.

అపోహ: ఆటగాడు ఒప్పుకోకుండా ట్రేడ్ చేయలేరు. ఐపీఎల్ చూసేవాళ్లు తరచుగా ఇలా అనుకుంటారు, ఎందుకంటే అక్కడ ఆటగాడి సమ్మతి కావాలి. ఇక్కడ మామూలుగా అక్కర్లేదు. ఒప్పందంలో నో-ట్రేడ్ షరతు ఉంటేనో, 10 ఏళ్ల సర్వీసులో చివరి 5 ఏళ్లు అదే క్లబ్బులో ఉంటేనో కాదనే హక్కు వస్తుంది. స్టాంటన్ ఆ షరతుతోనే జెయింట్స్‌నూ కార్డినల్స్‌నూ కాదన్నాడు.

అపోహ: రెండు మొదటి రౌండు పిక్‌లు (డ్రాఫ్టులో ఎంచుకునే వంతులు) పడేస్తే సరి. అది బాస్కెట్‌బాల్ అలవాటు. ఇక్కడ కాంపిటీటివ్ బ్యాలెన్స్ పిక్‌లు (చిన్న క్లబ్బులకిచ్చే అదనపు వంతులు) తప్ప డ్రాఫ్టు పిక్‌లను ట్రేడ్ చేయడానికి వీల్లేదు. ఎంపికైన కుర్రాణ్ణి వరల్డ్ సిరీస్ అయ్యాక ఇవ్వవచ్చు. 2015 జూన్‌లో మొదటి ఎంపికగా తీసుకున్న డాన్స్‌బీ స్వాన్సన్‌ను డైమండ్‌బ్యాక్స్ ఆ డిసెంబరులోనే షెల్బీ మిల్లర్ కోసం బ్రేవ్స్‌కు ఇచ్చేసింది.

అపోహ: మీటింగ్స్ ముగిస్తే అంగడి కట్టేసినట్టే. చలికాలంలో ట్రేడ్‌లకు గడువే లేదు. పైన చెప్పిన బెట్స్, రోడ్రిగెజ్ ట్రేడ్‌లు రెండూ ఫిబ్రవరిలో జరిగినవే.

చివరి రోజున రూల్ 5 డ్రాఫ్టు ఉంటుంది. అప్పటికి విలేకరులు సగంమంది విమానాశ్రయం దారి పట్టి ఉంటారు. మా వాళ్లు పెట్టెలు కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుంటారు. 40 మంది జాబితాలో చోటు దొరకని మైనర్ లీగ్ ఆటగాణ్ణి లక్ష డాలర్లిచ్చి తీసుకోవచ్చు, కానీ మరుసటి సీజనంతా మేజర్ లీగ్ జట్టులోనే ఉంచుకోవాలి. 1999 డిసెంబరులో ఈ డ్రాఫ్టులోనే ఆస్ట్రోస్ చేజారి ట్విన్స్ చేరిన యోహాన్ సంటానా 2004లోనూ 2006లోనూ ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు తీసుకున్నాడు. డాలస్‌లో ఆ చివరి సాయంత్రం మా తమ్ముడు మళ్లీ మెసేజ్ పెట్టాడు: "అన్నయ్యా, ఇంతకీ ఏమైనా ఉందా?" అందరికీ ప్రకటించిన సమాచారమే కనుక రూల్ 5 జాబితా మొత్తం అతనికి పంపాను. చదివినట్టు గుర్తు పడింది గాని, జవాబు రాలేదు.